సిలువల్ని సర్దినవాళ్ళు

ఇంగ్లీషులో రీఅరేంజ్ అని ఒక క్రియ ఉంది. నా ఉద్యోగమంతా దానితోనే గడిచింది. నేను బళ్ళో ఇంగ్లీషు చెప్పేదాన్ని. పరీక్ష పేపర్లో ప్రతి ఏడూ ఒక ప్రశ్న ఉండేది. చెల్లాచెదురుగా కొన్ని మాటలిచ్చి, వాటిని రీఅరేంజ్ చేసి అర్థమున్న వాక్యం రాయమనేవాళ్ళు. సులువుగా మార్కులొస్తాయని పిల్లలు ముందు దానిమీద పడేవాళ్ళు. మేక పులిని తినేసిందని రాసేసి, నవ్వుకుంటూ పేపరిచ్చి పోయేవాళ్ళు. "కలం పెట్టకముందు ఒక్కసారి చదవండర్రా, ఏ మాట పక్కన ఏ మాటుండాలో చూసుకోండి" అని గొంతు పోయేలా మొత్తుకునేదాన్ని. అయినా వాళ్ళు పిల్లలు. వాళ్ళ మేక పులిని తిన్నా ఎవరికీ ఏ నష్టమూ లేదు.

పెద్దవాళ్ళ నోట ఆ మాట వింటే మాత్రం ఇప్పుడు నాకు ఒళ్ళు మండిపోతుంది. రిటైరయ్యాక గమనించాను, ఊళ్ళో ఎక్కడ చూసినా అదే మాట. సీతమ్మధారలో మా అపార్ట్‌మెంట్ వాళ్ళు పార్కింగ్ రీఅరేంజ్ చేశామన్నారు. తెల్లారేసరికి నా స్కూటీ చెత్త డబ్బాల పక్కకు చేరింది. మావారు పనిచేసిన కంపెనీలో సీట్లు రీఅరేంజ్ చేశామన్నారు. ఆయన కుర్చీ స్టోర్ రూమ్ గుమ్మంలోకి పోయింది, రిటైరయ్యేదాకా అక్కడే ఉంది. ఈ మాటకో గుణముంది. ఎవరూ దాన్ని తమ మీద వాడుకోరు. "నన్ను నేను రీఅరేంజ్ చేసుకున్నాను" అన్నవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. కదిలేది ఎప్పుడూ ఎదుటివాడి సామానే. పైగా ఆ మాట వినడానికి ఎంత మర్యాదగా ఉంటుందంటే, కోప్పడినవాళ్ళే మొరటువాళ్ళలా కనబడతారు.

మనకు సర్దడమని చక్కటి మాట ఉంది. మా అమ్మ బీరువా సర్దుతుంది. ఒక పూట పడుతుంది ఆవిడకి. ఒక్కో చీరా తీసి, చేత్తో తడిమి, ఇది ఎవరి పెళ్ళికి పెట్టారో, ఏ పండగకి కట్టిందో చెప్పుకుని, మడత మార్చి మళ్ళీ లోపల పెడుతుంది. సర్దాక ఏది ఎక్కడుందో కళ్ళు మూసుకుని తీసివ్వగలదు. సర్దడమంటే నా లెక్కలో అది. ముందు ఎలా ఉందో తెలియనివాడు సర్దలేడు. అంతెందుకు, ఆ ఇంగ్లీషు మాటే ఒప్పుకుంటుంది, ముందొక అమరిక ఉండేదని. వాడేవాళ్ళే ఒప్పుకోరు.

అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఎనభై దాటింది. పోర్టు క్వార్టర్ల చుట్టుపక్కలే పుట్టి పెరిగింది కాబట్టి ఆవిడ మాట ఇప్పటికీ అక్కడి మాటే, నా బడి తెలుగు ఆవిడకి అంటలేదు. ఆవిడకి లోకంలో మిగిలిన కోరిక ఒక్కటే. పోయాక తనను నాన్న గోతిలోనే పెట్టాలి.

నాన్న పోర్టులో క్రేన్ నడిపేవాడు. నేను కాలేజీలో ఉండగా పోయాడు. పాత ఊళ్ళో మా చర్చి వాళ్ళ సమాధుల తోట ఉంది, అక్కడ పెట్టాం. అది చిన్న తోట. స్థలం చాలదు కాబట్టి భార్యాభర్తల్ని ఒకే గోతిలో పెట్టడం మావాళ్ళకు ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. ముందుపోయినవాళ్ళది తవ్వి, ఎముకల్ని తెల్లగుడ్డలో చుట్టి ఒక పక్కకు జరిపి, వెనకొచ్చినవాళ్ళని దించుతారు. బయటివాళ్ళకి వింటే ఎలాగో ఉండొచ్చు. మా అమ్మకది పెళ్ళిలాంటి మాట.

"పక్కనెక్కడో ఎట్టేసి సేతులు దులిపేసుకోకండి" అంటుంది అమ్మ. "ఆయన గోతిలోనే ఎట్టాలి. బతికున్నప్పుడు మంచం ఇరుకని రోజూ సణిగీవోడు. ఇప్పుడెలాగ సణుగుతాడో సూత్తాను."

తోటలో గేటు దగ్గర పాలరాతి సమాధులుంటాయి, డబ్బున్నవాళ్ళవి. వెనక భాగమంతా మాలాంటివాళ్ళవి, మట్టి దిబ్బలు, తలవైపు ఒక సిలువ. నాన్న సిలువ ఇనుముది. ఆయనతో పనిచేసినవాళ్ళు వర్క్‌షాపులో వెల్డింగ్ చేసి భుజాన వేసుకుని తెచ్చారు. మన ఊరి సముద్రం గాలికి ఇనుము ఎన్నాళ్ళుంటుంది? అందుకని నవంబరులో సమాధుల పండగొస్తుందనగా, ముందు ఆదివారం మేము పూర్ణా మార్కెట్‌లో వెండి రంగు డబ్బా, బ్రష్షు కొనుక్కుని పోయి సిలువకు రంగేస్తాం. దిబ్బ మీద గడ్డి పీకి, కొత్త మట్టి పోస్తాం. ఆ రోజు తోటంతా ఇదే పని. గుణపాలు, బకెట్లు, పిల్లల కేకలు. అక్కడ కలిసే మనుషులు ఊళ్ళో ఇంకెక్కడా కలవరు. చుట్టాలు కారు, మన వీధివాళ్ళు కారు. మావాళ్ళ సమాధుల పక్కన వాళ్ళవాళ్ళ సమాధులున్నాయి, అంతే. మేము వాళ్ళని "నాన్న పక్కవాళ్ళు" అంటాం. "నాన్న పక్కవాళ్ళమ్మాయికి పెళ్ళి కుదిరిందట" అని ఇంట్లో చెప్పుకుంటాం.

నాన్నకు కుడిపక్కన ఒక పసివాడున్నాడు. నడక రాకముందే జ్వరమొచ్చి పోయాడు. తల్లి నర్సు. బదిలీల ఉద్యోగం, ఇప్పుడు పార్వతీపురం వైపు ఎక్కడో చేస్తోంది. ముందు ఆదివారం రావడానికి ఆవిడకి కుదరదు, పండగ నాటికే వస్తుంది. అందుకని నాన్న సిలువకు వేయగా మిగిలిన వెండి రంగు అమ్మ ఆ పిల్లాడి సిలువకు వేస్తుంది. మోకాలెత్తు కూడా లేని సిమెంటు సిలువ అది. ఆవిడొచ్చి చూసుకుని, "పిన్నీ, మా బాబుని మీరే సాకుతన్నారు" అని అమ్మ చేతులు పట్టుకుంటుంది.

పోయిన పండక్కి ముందు ఆదివారం కూడా అలాగే డబ్బా, బ్రష్షు, బంతిపూలు పట్టుకుని ఆటోలో పోయాం. గేటు తీయగానే అమ్మ ఆగిపోయి, "అబ్బ, ఎంత సక్కగా సేసారే" అంది.

నిజంగానే చక్కగా ఉంది. గడ్డి లేదు, ముళ్ళ కంపలు లేవు. వెనక భాగమంతా చదును చేసి కంకర పరిచారు. దిబ్బ ఒక్కటీ లేదు. సిలువలన్నీ పీకి, ప్రహరీ గోడ పొడుగునా ఒక వరసలో పాతారు. దానికి తోడు ఎత్తు ప్రకారం. అసెంబ్లీలో పిల్లల్ని నిలబెట్టినట్టు, ఇటు చివర పొట్టివి, అటు చివర పొడుగువి. పసిపిల్లలవన్నీ ఒక్కచోట చేరాయి. నాన్న సిలువ అటు చివర, ఎవరివో చెక్క సిలువల మధ్య ఉంది.

అమ్మ ఆ వరసను ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది. తర్వాత కంకర వైపు చూసింది.

"మరి మనుషులేరే?" అంది.

నేను రంగు డబ్బా కింద పెట్టి చుట్టూ చూశాను.

చర్చి కమిటీ కార్యదర్శి అక్కడే ఉన్నాడు. ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. చెడ్డవాడు కాదు, అదే నా బాధ. చెడ్డవాడైతే నాలుగు తిట్టి కడుపుమంట చల్లార్చుకునేదాన్ని. మమ్మల్ని చూడగానే నవ్వుకుంటూ ఎదురొచ్చి, ఫోన్ తీసి పైనుంచి తీసిన ఫొటో చూపించాడు. ముందెలా ఉండేదో ఒకటి, ఇప్పుడెలా ఉందో ఒకటి. చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టాడట, దండాల బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయట.

"అంతా రీఅరేంజ్ చేయించాం టీచరు గారూ" అన్నాడు. "గడ్డి కోసే మిషను తిరగడానికి సిలువలు అడ్డొచ్చేత్తన్నాయండి. పండక్కి పై నుంచి పెద్ద ఫాదర్లు కూడా వత్తన్నారు కదా."

"సిలువలు జరిపారు సరే. కిందున్నవాళ్ళని కూడా జరిపారా?" అన్నాను.

ఆయన మొహం తెల్లబోయింది. నుదుటి మీద సిలువ గుర్తు వేసుకున్నాడు. "అదేటండి అలాగంటారు! గోతుల జోలికెల్తామేటండి మేము? మహా పాపం కదండి! ఒక్క గొయ్యి కూడా ముట్టుకోలేదు, ప్రమాణం సేసి సెప్తాను."

ఆయన నిజమే చెప్పాడు. అదే ఆయన తెలివి. చనిపోయినవాళ్ళని కదపడం పాపమని తెలుసు కాబట్టి వాళ్ళని ఉన్నచోటే ఉంచి, వాళ్ళ గుర్తులు మాత్రం తీసుకుపోయి గోడకు నిలబెట్టాడు. దాంట్లో తప్పేముందో ఆయనకి ఎంత చెప్పినా తలకెక్కలేదు. నేను గేటు దగ్గర పాలరాతి సమాధుల వైపు చెయ్యి చూపించాను. వాటికి పూలకుండీలు కూడా పెట్టారు.

"మరి వాటిని జరపలేదే?"

"అవెలాగ జరుగుతాయండి? పక్కా కట్టడాలు కదండి."

"మా నాన్న జరుగుతాడా?" అన్నాను. నాకే తెలియకుండా గొంతు పెద్దగా వచ్చింది. పక్కన గోడకు సున్నం వేస్తున్న కూలీలు చేతిలో పని ఆపి చూశారు. "జరిగేది పేదవాళ్ళ సిలువలే కాబట్టి జరిపేశారు. మీ మిషను తిరగడానికి దారి కావాలి కాబట్టి మావాళ్ళ గుర్తులు చెరిపేశారు. ఒక్క ఇంటికి కబురు పెట్టారా? మీ నాన్న సిలువ తీస్తున్నామని నాతో ఒక్క మాటన్నారా?"

"గ్రూపులో పెట్టామండి. సమాధుల తోట రీఅరేంజ్ చేత్తన్నామని. మీరు కూడా దండం బొమ్మ ఎట్టారు."

పెట్టాను. తోట బాగుచేస్తారు కాబోలనుకున్నాను. ఆ మాటలో గుణపాలున్నాయని ఎవరనుకుంటారు?

ఆయనకి మాత్రం నా కోపం చల్లార్చాలని ఉంది. చాలా మంచిగా, ఓపికగా అన్నాడు. "దానికేటుందండి. ఎక్కడుండాలో మీరు సూపించండి, రేపే తీసికెళ్ళి అక్కడ పాతించేత్తాను."

ఎక్కడుండాలో చూపించండి. అంత తేలిగ్గా అనేశాడు. నేను కంకర వైపు చూశాను. అన్నేళ్ళుగా వచ్చిన చోటు. గేటు దాటి కొంచెం లోపలికి పోయి, ఎవరిదో నీలం రంగు సిలువ దాటి ఎడమకు తిరిగితే నాన్న. ఆ నీలం సిలువ కూడా గోడ దగ్గరే ఉంది. చర్చి రిజిస్టరులో పేరూ తారీఖూ ఉంటాయి గానీ చోటు ఉండదు. గోతులు తవ్వే ముసలాయన ఉన్నన్నాళ్ళూ అందరూ ఆయన్నే అడిగేవాళ్ళు, ఆయన పోయి చాలా కాలమైంది.

అమ్మ చెప్పులు విడిచి కంకరలోకి నడిచింది.

నాన్న తల దగ్గర నిలబడితే ఎదురుగా రెండు మేడల మధ్య సందులోంచి యారాడ కొండ మీది లైట్‌హౌస్ కనబడాలి. అమ్మకది గుర్తు. తోటలోని కుళాయి వీపువైపుండాలి. కుళాయిని కూడా పీకి గేటు దగ్గర పెట్టారని అప్పుడు చూశాం. ఇక లైట్‌హౌస్ ఒక్కటే మిగిలింది. అమ్మ కంకరలో అటు నాలుగడుగులు వేసి తలెత్తి చూసేది, ఇటు నాలుగడుగులు వేసి చూసేది. అది అక్కణ్ణుంచీ కనబడుతుంది, ఇక్కణ్ణుంచీ కనబడుతుంది. కార్యదర్శి వెనకాలే ఒక కర్ర పట్టుకుని నిలబడ్డాడు, ఆవిడ చెప్పగానే గుచ్చడానికి. ఎండ మీదికొచ్చేసింది. నేను అమ్మ చెయ్యి పట్టుకోబోతే విదిలించేసింది. చివరికి ఒకచోట ఆగి, కాలి బొటనవేలితో కంకర పక్కకు నెట్టి, "ఇక్కడే" అంది.

ఆయన కర్ర గుచ్చాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా, మర్నాడే నాన్న సిలువ అక్కడ పాతించి ఫొటో పంపించాడు. నేను ఈసారి దండం బొమ్మ పెట్టలేదు. ఉన్నదున్నట్టు ఇంత పొడుగు ఉత్తరం రాసి గ్రూపులో పెట్టాను. టీచరు గారికి కోపమెక్కువని ఒకాయన, మంచి పని చేసేవాళ్ళని నిరుత్సాహపరచకూడదని ఇంకొకాయన. వాళ్ళిద్దరివాళ్ళూ పాలరాతి కింద నిశ్చింతగా ఉన్నారు.

పండగ సాయంత్రం తోట నిండిపోయింది. ఎక్కడెక్కడివాళ్ళో కొవ్వొత్తులు, పూలు పట్టుకుని వచ్చారు. గేటు దగ్గర మురిసిపోయి, నాలుగడుగులు వేశాక మొహాలు మారిపోవడం నేను నిలబడి చూస్తూనే ఉన్నాను. కొందరు గోడ దగ్గరకి పోయి తమవాళ్ళ సిలువ వెతుక్కుని అక్కడే మోకరించారు. కొందరు కొవ్వొత్తి వెలిగించి, ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డారు. మైనం కరిగి వేళ్ళ మీద పడుతున్నా అలాగే ఉన్నారు. పెద్ద ఫాదర్లు తీర్థం చల్లుకుంటూ గోడ పొడుగునా నడిచారు. ఎవరూ లేని చోట, ఒక్కొక్క సిలువకీ, శ్రద్ధగా. కంకర మీద ఒక్క చుక్క పడలేదు.

నర్సు వచ్చింది. పార్వతీపురం నుంచి బస్సులో వచ్చి, తిన్నగా తోటకే వచ్చినట్టుంది, చేతిలో సంచి కూడా ఉంది. కంకర మధ్యలో ఒంటరిగా నిలబడ్డ నాన్న సిలువను చూసి మా వైపు వచ్చింది. కుడిపక్కకు చూసింది. మళ్ళీ చూసింది.

"పిన్నీ, బాబుదేది?"

నేనే చెప్పాను. గోడ చివర పొట్టి సిలువల్ని చూపించాను. ఆవిడ పరుగులాంటి నడకతో పోయింది. అన్నీ ఒకే పొడుగు, ఒకే సిమెంటు. వాటిలో వెండి రంగుది ఒక్కటే, దాన్నిబట్టి పోల్చుకుంది. వంగి దాన్ని ముట్టుకుంది గానీ అక్కడ కూర్చోలేదు. వెనక్కి వచ్చేసింది.

"సిలువ అక్కడుంది గానీ బాబు అక్కడ లేడు కదా పిన్నీ" అంది. ఏడవడం లేదు. ఆసుపత్రిలో రోగి సంగతి అడిగినట్టు అడిగింది. "ఎక్కడున్నాడో మీకు తెలుసు కదా? ప్రతి ఏడూ మీరే రంగేసేవోరు. సరిగ్గా ఎక్కడో సెప్పండి పిన్నీ."

అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నాన్న సిలువకు కుడిపక్కగా నడిచి, తన చేతికర్రతో చూపించింది.

"ఇక్కడమ్మా. మా ఆయన కుడి సేతికింద. నాను ఎరగనా? కూకో తల్లీ."

ఆవిడ కూర్చుని, కంకరంతా రెండు చేతులతో పక్కకు తోసి, కింద మట్టి కనబడేదాకా తవ్వింది. ఆ మట్టి మీద కొవ్వొత్తి నిలబెట్టింది. సముద్రం గాలికి ఆరిపోతుంటే, చున్నీ అడ్డుపెట్టి వెలిగిస్తూ, తనలో తను ఏదో చెప్పుకుంటూ చాలాసేపు ఉంది. లేచాక ఆవిడ మొహం తేటపడింది. వాడి సిలువ కూడా ఇక్కడికే తెప్పించుకుంటానని, అమ్మ చేతులు కళ్ళకద్దుకుని, బస్సు టైమైందని వెళ్ళిపోయింది.

ఆటోలో తిరిగొస్తుంటే నాకు అన్నాళ్ళకి కాస్త మనసు కుదుటపడింది. వాళ్ళు ఎంత చెరిపినా మా అమ్మ చెరగనివ్వలేదు కదా అనుకున్నాను. ఆ మాటే ఆవిడతో అన్నాను, అంత కచ్చితంగా ఎలా గుర్తుపెట్టుకున్నావని.

అమ్మ బయటికి చూస్తోంది. "ఏటి గుర్తే?" అంది. "తెలవదని సెప్పమంటావా ఆ తల్లికి?"

నేను ఆవిడ వైపు తిరిగాను. "మరి నాన్నది? నాన్న చోటు నీకు తెలుసు కదా?"

"అదీ అంతే. ఆ కమిటీ ఆయన కర్రట్టుకుని యెనకాలే తిరుగుతుంటే, కాలాగిపోయిన దగ్గర సూపించాను."

వాళ్ళని ఊరికే వదలనన్నాను. రేపే ఫాదర్ దగ్గరకి పోతానన్నాను. కూలీల్ని పెట్టించి, ఆ కంకరంతా తీయించి, నాన్న దొరికేదాకా తవ్విస్తానన్నాను. నేనింకా ఏదేదో అరుస్తూనే ఉన్నాను, ఆటో అతను అద్దంలోంచి చూస్తున్నా ఆపలేదు. అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఒద్దే. నాను పోతే ఎక్కడో ఓ దగ్గర ఎట్టీండి. ఆయన కోసం తవ్వించకండి. ఆ పిల్లోడి మీద పలుగు పడిపోద్ది."